జొన్న పిలకలో సైనైడ్ ఎక్కడిది?

సైనైడ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సినిమా. విలన్ పట్టుబడే టైంకి కాలర్‌లోంచి చిన్న క్యాప్సూల్ తీసి కొరుకుతాడు, నోట్లోంచి నురగ, సీన్ కట్. కొంచెం పుస్తకాల అలవాటు ఉన్నవాళ్ళకి అగాథా క్రిస్టీ గుర్తొస్తుంది. నేను ఈసారి రాయాలనుకున్న సైనైడ్ మాత్రం జొన్న చేలో ఉంటుంది, కర్రపెండలం దుంపలో ఉంటుంది. దాన్ని అక్కడ ఎవరూ కలపలేదు. మొక్క తనకి తానే తయారుచేసుకుంటుంది.

మా తాత వాళ్ళది కర్నూలు వైపు పల్లె. అక్కడ జొన్న కోసేశాక మోళ్ళ నుంచి మళ్ళీ లేతగా పుట్టుకొచ్చే పిలకల్ని నాము అంటారు. "గొడ్డు నాము తిన్నది" అంటే ఇంక వేరే వివరం అక్కర్లేదు, విన్నవాళ్ళు చేతిలో పని వదిలేసి పరిగెత్తుతారు. జొన్న కోసిన చేలోకి పశువుల్ని తోలొద్దని మా తాత సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ మాకు చెప్పేవాడు. ఎందుకని అడిగితే "నాము రా, పడిపోతాయి" అనేవాడు. నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి, నాము అనే మాట ఊళ్ళో తెలుగులో, దాని వెనకున్న మాలిక్యూల్ పేరు చాలా ఏళ్ళ తర్వాత ఇంగ్లీషులో, విడివిడిగా తెలిశాయి. ఈ వ్యాసం ఆ రెండిటినీ ఒకచోట పెట్టే ప్రయత్నం.

ముందు ఒక ప్రశ్న. జొన్న ఆకులో సైనైడ్ ఉంటే, ఆ సైనైడ్‌తో ముందు జొన్న మొక్కే చచ్చిపోవాలి కదా? మొక్కకీ మైటోకాండ్రియా ఉన్నాయి, అదీ ఊపిరి పీలుస్తుంది. ఇక్కడే అసలు తెలివంతా ఉంది. మొక్క విషాన్ని విషంగా దాచుకోదు. రెండు సగాలుగా విడగొట్టి, రెండు వేరే అరల్లో పెట్టుకుంటుంది.

జొన్నలో మొదటి సగం పేరు ధూరిన్. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొక్క దీన్ని తయారుచేస్తుంది. సైనైడ్ భాగానికి ఒక గ్లూకోజ్ అతికించి ఉంటుంది కాబట్టి ఆ రూపంలో అది ఎవర్నీ ఏమీ చేయదు. దీన్ని ఆకు పై పొర కణాల్లో ఉండే నీటి సంచుల్లో నిల్వ చేస్తుంది. రెండో సగం ఒక ఎంజైమ్, పేరు ధూరినేజ్. దాని పని ఆ గ్లూకోజ్‌ని కత్తిరించడం. అది ఆకు మధ్య పొర కణాల్లో ఉంటుంది. ఆకు నిలువుగా, పచ్చగా, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నంతకాలం ఈ రెండూ ఒకదాన్నొకటి చూడవు. పశువు వచ్చి నమిలిన క్షణంలో గోడలు కూలిపోతాయి. ఎంజైమ్ వెళ్ళి గ్లూకోజ్‌ని కోసేస్తుంది, మిగిలిన ముక్క విరిగిపోయి హైడ్రోజన్ సైనైడ్ బయటికొస్తుంది. దాని మరుగు స్థానం దాదాపు 26 డిగ్రీలు. అంటే మన ఎండల్లో అది వాయువే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది టూ-ఫ్యాక్టర్ లాంటిది. రెండూ ఒకేచోట చేరితేనే తలుపు తెరుచుకుంటుంది. తెరిచేది మాత్రం దొంగే, వాడి పళ్ళతోనే.

ధూరిన్ అనే పేరు వెనక కూడా పశువులే ఉన్నాయి. ఈజిప్టులో జొన్నని ధుర్రా అంటారు. అక్కడ లేత జొన్న తిన్న పశువులు చచ్చిపోతున్నాయని తెలిసి, లండన్‌లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ మొక్కని పరీక్షించారు. 1902లో ఈ పదార్థాన్ని వేరుచేసి, ఆ ధుర్రా పేరే కొంచెం మార్చి పెట్టారు. నైలు ఒడ్డున రైతులకీ కర్నూలు రైతులకీ తెలిసిన సంగతికి అప్పుడు కెమిస్ట్రీలో ఒక పేరు దొరికింది.

ఇప్పుడు పశువు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సైనైడ్ ఊపిరితిత్తుల్ని ఆపదు, రక్తాన్ని కూడా ఆపదు. కణాల్లో మైటోకాండ్రియా ఆక్సిజన్‌ని వాడుకునే చిట్టచివరి మెట్టు దగ్గర, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కి అతుక్కుంటుంది. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, తీసుకునేవాడు లేడు. అందుకే సిరల్లో రక్తం కూడా ఆక్సిజన్‌తో నిండిపోయి చిక్కటి ఎరుపులో ఉంటుంది. నాము తిన్న పశువు కంటి రెప్ప లోపల, చిగుళ్ళ మీద కనిపించే ఆ మెరిసే ఎరుపుకి కారణం అదే. చుట్టూ గాలి ఉండగానే, రక్తంలో ఆక్సిజన్ ఉండగానే, అది ఊపిరాడక రొప్పుతుంది. వణుకు, తూలుడు, పడిపోవడం, కాళ్ళు కొట్టుకోవడం. కొన్నిసార్లు ఇదంతా తిన్న పావుగంటలోనే మొదలైపోతుంది.

ఆవు, గేదె, గొర్రె, మేక లాంటి నెమరు వేసే జంతువులకి ఈ ప్రమాదం గుర్రానికీ పందికీ కంటే ఎక్కువ. గుర్రం కడుపులో ఆమ్లం ఉంటుంది, అది మొక్క ఎంజైమ్‌ని చాలావరకు పాడుచేస్తుంది. ఆవు పెద్ద పొట్టలో ఆమ్లం అంత ఉండదు, పైగా అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి గడ్డిని విరగ్గొట్టడమే పని కాబట్టి ధూరిన్‌ని కూడా విరగ్గొట్టేస్తాయి. గడ్డి తిని బతకడానికి ఆవుకి ఏ ఏర్పాటు సాయపడిందో, ఇక్కడ అదే ఎదురు తిరుగుతుంది.

లెక్క ఒకటి వేద్దాం, లేకపోతే మనం ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ఎందుకు. పశువుకి ప్రాణం తీసే మోతాదు కిలో బరువుకి సుమారు 2 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సైనైడ్ అని వెటర్నరీ పుస్తకాలు చెప్తాయి. 250 కిలోల ఆవు అనుకుందాం. అంటే 500 మిల్లీగ్రాములు, అర గ్రాము. పచ్చి మేతలో కిలోకి 200 మిల్లీగ్రాములు విడుదల చేసే శక్తి ఉంటే అది ప్రమాదకరమైన మేత కిందే లెక్క. 500ని 200తో భాగిస్తే రెండున్నర కిలోలు. ఆకలితో ఉన్న ఆవుకి రెండున్నర కిలోల లేత పిలకలు ఎంతసేపు? కొన్ని నిమిషాలు.

ఈ లెక్కలో కనపడకుండా ఉన్న అసలు వేరియబుల్ టైం. ఆవు శరీరం సైనైడ్ ముందు చేతులు కట్టుకుని కూర్చోదు. రోడనీస్ అనే ఎంజైమ్ ఉంది, ముఖ్యంగా లివర్‌లో. అది సైనైడ్‌కి ఒక గంధకం పరమాణువు తగిలించి థయోసయనేట్‌గా మారుస్తుంది, అది మూత్రంలో బయటికి పోతుంది. అదే రెండున్నర కిలోలు రోజంతా కొంచెం కొంచెంగా తింటే ఆవు నిలబడవచ్చు. విషం వచ్చే వేగం, విషాన్ని తీసేసే వేగం, ఈ రెండిట్లో ఏది ఎక్కువ అన్నదే ప్రశ్న. ఖాళీ కడుపుతో పశువుని జొన్న మీదికి వదలొద్దని, ముందు కొంచెం ఎండుమేత వేయమని చెప్పేది ఇందుకే.

మరి జొన్న చొప్ప తరతరాలుగా మన పశువుల ప్రధాన మేత కదా, అది తిని ఎందుకు బతుకుతున్నాయి? ఎందుకంటే ధూరిన్ మొక్క వయసుతో పాటు తగ్గుతుంది. లేత ఆకుల్లో, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకల్లో ఎక్కువ. పూత వచ్చేసరికి చాలా తగ్గిపోతుంది. పచ్చిమేతగా వాడేవాళ్ళు పూత దశ దాకా ఆగమనే సలహా దీని మీదే నిలబడింది. పండి, కోసి, ఎండిన చొప్పలో సమస్య దాదాపు ఉండదు. మరుగు స్థానం గుర్తుందా? ఆకు వాడి ఎండే క్రమంలో కణాలు చితికి, పుట్టిన సైనైడ్ గాలిలో కలిసిపోతుంది. పాతర వేసిన మేతలో కూడా కొన్ని వారాల్లో తగ్గుతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే వానలు ఎగ్గొట్టిన ఏడు. నీళ్ళు లేక గిడసబారిన జొన్నలో ధూరిన్ పెరుగుతుంది. యూరియా ఎక్కువ వేసిన చేలో ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ధూరిన్‌లో నైట్రోజన్ ఉంది, ముడిసరుకు ఎక్కువైతే సరుకు ఎక్కువే. తర్వాత ఒక్క వాన పడగానే మోళ్ళన్నీ ఒక్కసారి పిలకలు వేస్తాయి. చుట్టూ నేల బోడిగా ఉన్నప్పుడు ఆ ఒక్క చేనే పచ్చగా కనపడుతుంది. ఇంట్లో గడ్డివామి ఎప్పుడో ఐపోయి ఉంటుంది. అంటే మేత అత్యంత విషంగా ఉన్న వారమూ, పశువు అత్యంత ఆకలిగా ఉన్న వారమూ ఒకటే. రైతుకి నాము గురించి తెలియక జరిగే చావులు తక్కువని నా అభిప్రాయం. తెలిసినా వేరే మేత లేకపోవడం, లేదా పలుపు తెంపుకుని పోవడం, వీటి వల్లే ఎక్కువ.

పడిపోయిన పశువుకి మందు ఉంది. వెటర్నరీ డాక్టర్ సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తారు. మొదటిది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని సైనైడ్‌ని పట్టేసే రూపంలోకి మారుస్తుంది. రెండోది గంధకం ఇస్తుంది, అంటే ఇందాక చెప్పిన రోడనీస్‌కి కావలసిన ముడిసరుకు. టైంకి అందితే లేచి నిలబడుతుంది. టైంకి అనే మాటే కష్టం. పావుగంటలో మొదలయ్యే జబ్బుకి పక్క మండలం నుంచి డాక్టర్ రావాలి.

ఇంత గొడవ పెట్టే ధూరిన్ మొక్కకి నిజంగా పనికొస్తుందా? కోపెన్‌హేగన్‌లో ఒక బృందం దీన్ని చాలా నేరుగా పరీక్షించింది. ధూరిన్ తయారీకి కావలసిన మూడు జన్యువుల్ని జొన్న నుంచి తీసి, ధూరిన్ అంటే ఏంటో తెలియని అరాబిడాప్సిస్ అనే చిన్న ల్యాబ్ మొక్కలో పెట్టారు. ఆ మొక్క ధూరిన్ తయారుచేయడం మొదలెట్టింది. మామూలుగా ఆ ఆకుల్ని ఇష్టంగా తినే ఒక రకం పెంకు పురుగు వాటిని వదిలేసింది. 2001లో వచ్చిన ఫలితం ఇది. ఒక మొక్కలోని మాడ్యూల్‌ని ఇంకో మొక్కలోకి పోర్ట్ చేస్తే అదే పని చేసిందన్నమాట. 2012లో ఆస్ట్రేలియా, డెన్మార్క్ శాస్త్రవేత్తలు దీనికి ఉల్టా పని చేసి చూపించారు. జొన్నలో మ్యుటేషన్లు తెప్పించి, వేల మొక్కల్లో వెతికి, ధూరిన్ తయారీలో మొదటి ఎంజైమ్ పనిచేయని మొక్కని పట్టుకున్నారు. దాని ఆకుల్లో సైనైడ్ రాదు. మొలక దశలో కొంచెం నెమ్మదిగా పెరిగినా తర్వాత మామూలుగానే ఎదిగింది. పురుగు ఎక్కువున్న మన చేలల్లో అలాంటి జొన్న ఎంతవరకు నిలబడుతుందనేది వేరే ప్రశ్న.

మనుషుల సంగతి అడుగుతారని తెలుసు. జొన్న రొట్టె, జొన్న సంకటి తినేవాళ్ళు నిశ్చింతగా తినొచ్చు, ఎండిన గింజలో ధూరిన్ దాదాపు ఉండదు. మొలకెత్తిన జొన్న వేరే కథ, మొలకలో అది బాగా తయారవుతుంది. పెసలు మొలకెత్తించి తిన్నట్టు జొన్నల్ని తినడం మంచి ఆలోచన కాదు. యాపిల్ గింజలో కూడా సైనైడ్ ఇచ్చే పదార్థం ఉన్నా, పొరపాటున మింగిన రెండు గింజలు నమలకపోతే ఉన్నట్టే బయటికి పోతాయి. వెదురు కొమ్ముల్లో ఉండేది బాగా ఉడికిస్తే విరిగిపోతుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో వాటిని కోసి, ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి వండేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు.

ఇవన్నీ పక్కన పెడితే, ఈ రెండు అరల విషం మనిషి ముఖ్య ఆహారంలోనే ఉంటే ఏమవుతుందన్నది చూడాలంటే కర్రపెండలం దగ్గరికి వెళ్ళాలి. దీంట్లో పదార్థం పేరు లినమారిన్, దాన్ని కత్తిరించే ఎంజైమ్ లినమారేజ్. అరలు వేరు, కథ అదే. తీపి రకాల్లో ఇది తక్కువ, చేదు రకాల్లో చాలా ఎక్కువ. ఆకులోనూ తొక్కలోనూ దుంప గుజ్జులో కంటే ఎక్కువ.

మనకి కర్రపెండలంతో ఎక్కువ పరిచయం సగ్గుబియ్యం రూపంలో. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో జరిగే పని వరుస గమనించండి. దుంప తొక్క తీస్తారు, కడుగుతారు, నీళ్ళతో కలిపి మెత్తగా రుబ్బుతారు, పాలని వడకట్టి తొట్లలో పిండి అడుగుకి దిగేదాకా ఉంచుతారు, పైన నీళ్ళు తీసేస్తారు. తర్వాతే పూసలు చేసి, వేడిచేసి, ఎండబెడతారు. రుబ్బడంతో రెండు అరలూ బద్దలవుతాయి, ఎంజైమ్‌కి పని చేసేంత టైం దొరుకుతుంది, మిగిలిన లినమారిన్ నీళ్ళలో కరిగి పోతుంది, చివరి వేడికి సైనైడ్ ఎగిరిపోతుంది. సగ్గుబియ్యం పాయసం భయం లేకుండా తినగలుగుతున్నామంటే ఆ వరుస వల్లే.

వరుస అని ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే, అవే పనులు వేరే వరుసలో చేస్తే ఫలితం మారిపోతుంది. లినమారిన్ వేడికి అంత తేలిగ్గా విరగదు, ఎంజైమ్ మాత్రం మరిగే నీళ్ళలో వెంటనే పాడైపోతుంది. చేదు దుంప పెద్ద ముక్కల్ని నేరుగా మరుగుతున్న నీళ్ళలో వేస్తే కత్తెర పోతుంది, కోయాల్సింది అలాగే మిగులుతుంది. ఎండబెట్టడంలో కూడా ఇదే మెలిక. పెద్ద ముక్కలుగా కోసి మంచి ఎండలో త్వరగా ఆరబెడితే, అరలు పూర్తిగా కూలకముందే నీళ్ళు పోయి ఎంజైమ్ ఆగిపోతుంది. చూడటానికి శుభ్రంగా, తెల్లగా ఎండిన ముక్క, లోపల లినమారిన్ అలాగే. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో చెప్పే రేస్ కండిషన్ ఇదే, ఎంజైమ్ పరుగు ఒకవైపు, ఎండ పరుగు ఒకవైపు. మూడు రోజులు నీళ్ళలో నానబెడితే దుంప మెత్తబడి పులిసి, ఎంజైమ్ గెలుస్తుంది. కేరళలో తీపి రకాల్ని కూడా ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తారు, లినమారిన్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టి అదీ పనిచేస్తుంది.

కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ ప్రాంతంలో ఆదివాసీ స్త్రీలు చేదు దుంపని తురిమి, పొడుగాటి అల్లిక గొట్టంలో పెట్టి పిండి, ఆ రసాన్ని విడిగా చాలాసేపు మరిగించి, పిండిని పెనం మీద కాలుస్తారు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో ఈ మొక్కని ఆఫ్రికాకి తీసుకెళ్ళారు. ఆ కాడని ఓడలో పెట్టుకుని తేవడం తేలికే. తరతరాలుగా కుదిరిన ఆ పని వరుస దాంతో పాటు ఓడెక్కలేదు. ఆఫ్రికాలో జనం నానబెట్టడం, పులియబెట్టడం, ఎండబెట్టడం అంటూ తమ పద్ధతులు తాము కనిపెట్టుకున్నారు. మామూలు రోజుల్లో అవి సరిపోయాయి.

1981లో మొజాంబిక్‌లో మామూలు రోజులు లేవు. దేశంలో అంతర్యుద్ధం, ఉత్తరాన నంపూలా ప్రాంతంలో భయంకరమైన కరువు. మిగతా పంటలన్నీ పోయాయి, చేదు కర్రపెండలం ఒక్కటే నిలిచింది. నీళ్ళు లేని ఏడాది జొన్నలో లాగే దుంపలో కూడా విషం పెరుగుతుంది. మామూలుగా వారాలపాటు ఎండబెట్టాల్సిన దుంపని, ఆకలికి ఆగలేక, కొద్ది రోజులకే దంచుకుని తిన్నారు. ఆ ఏడాది ఒక వింత జబ్బు మొదలైంది. నిన్నటిదాకా నడిచిన మనిషికి ఒక్కరోజులో రెండు కాళ్ళూ బిగుసుకుపోతాయి. జ్వరం లేదు, నొప్పి పెద్దగా లేదు. ఆ తర్వాత జబ్బు ముదరదు, తగ్గదు కూడా. పిల్లలు, ఆడవాళ్ళే ఎక్కువ. మొత్తం వెయ్యి మందికి పైగా.

అప్పుడు ఆ తీరంలో నకాలా పట్టణంలో పనిచేస్తున్న స్వీడన్ డాక్టర్ పేరు హాన్స్ రోస్లింగ్. అవును, ఆయనే. బుడగల గ్రాఫ్‌తో టెడ్ టాక్ ఇచ్చిన ఆయన, డేటా విజువలైజేషన్ గురించి మాట్లాడినప్పుడల్లా మనం తలుచుకునే ఆయన. కొంతకాలం బెంగళూరులో కూడా చదువుకున్నాడు. అప్పటికి కారణం ఎవరికీ తెలీదు. అంటువ్యాధా, యుద్ధంలో వాడిన విషమా అని అనుమానాలు. ఆ ఊరి అధికారి వచ్చి, జబ్బున్న వైపు నుంచి బస్సులు రాకుండా రోడ్డు మూయించమంటారా అని అడిగాడు. ఏదో ఒకటి చేయాలి అన్నాడు రోస్లింగ్. రోడ్డు మూశారు. పొద్దున్నే సంతకి బయల్దేరిన తల్లులు బస్సు లేదని తెలిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని చేపల పడవలెక్కారు. పడవలు మునిగిపోయాయి. అందరూ పోయారు. తీరా చూస్తే అది అంటుకునే జబ్బే కాదు. ఈ సంగతి ఆయనే తన ఫ్యాక్ట్‌ఫుల్‌నెస్ పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం చాలామంది చదివారు గానీ ఆ జబ్బు కర్రపెండలం నుంచి వచ్చిందని ఎక్కువమందికి గుర్తుండదు. ఆయన తర్వాత ఏళ్ళ తరబడి ఆఫ్రికాలో ఈ జబ్బు మీదే పనిచేశాడు.

జబ్బుకి అప్పటికే ఒక పేరుంది. కాంగోలో 1938లోనే ట్రోలి అనే డాక్టర్ దీన్ని నమోదు చేశాడు. అక్కడి యాకా జనం దాన్ని కొంజో అనేవాళ్ళు. కట్టేసిన కాళ్ళు అని అర్థం.

అందరూ అదే దుంప తిన్నప్పుడు కొందరికే ఎందుకు వచ్చింది? ఇక్కడ మళ్ళీ మన రోడనీస్ దగ్గరికి రావాలి. సైనైడ్‌ని తీసేయడానికి శరీరానికి గంధకం కావాలి. అది వచ్చేది మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి, అంటే మాంసం, గుడ్లు, చేపలు, పప్పుల నుంచి. కర్రపెండలంలో ప్రొటీన్ చాలా తక్కువ. కరువులో పళ్ళెంలో అదొక్కటే ఉన్నప్పుడు, విషం ఎక్కువగా వచ్చే రోజునే దాన్ని తీసేసే సరుకు అయిపోతుంది. పడిపోయిన ఆవుకి డాక్టర్ సిరంజిలో ఎక్కించే గంధకమూ, ఆ పిల్లలకి దొరకని గంధకమూ ఒకటే.

కరువే కావాలని కూడా లేదు. కాంగోలో బందుందు ప్రాంతంలో రాజధానికి వెళ్ళే మంచి రోడ్డు వచ్చాక, కర్రపెండలానికి గిరాకీ పెరిగింది. లారీకి త్వరగా అందించాలని, మూడు రాత్రులు నానబెట్టే దుంపని ఒక రాత్రితో తీసేయడం మొదలైంది. ఇంట్లో తిండి కూడా అదే. కొంజో అక్కడ కూడా కనపడింది. రోడ్డు రావడం తప్పని నేను అనను, మనందరం రోడ్ల వల్లే కాలేజీ దాకా వచ్చాం. కానీ ఆ రెండు రాత్రుల విలువ ఎంతో ధర కట్టినవాళ్ళు లేరు.

చేదు రకాలు మానేసి తీపివి వేసుకోవచ్చు కదా అని మనలాంటివాళ్ళకి వెంటనే అనిపిస్తుంది. 1990ల్లో మలావీలో పరిశోధకులు రైతు స్త్రీలనే అడిగారు. చేదు దుంపని దొంగలు తవ్వుకుపోరు, కోతులు, పందులు పాడుచేయవు, అందుకే అది కావాలన్నారు వాళ్ళు. తవ్వగానే తినలేని దుంప ఆడమనిషి ఒంటరిగా నడిపే ఇంటికి ఒక రకం తాళం.

పిండిలో మిగిలిపోయిన లినమారిన్‌ని ఏం చేయాలనేదానికి చాలా తేలికైన పద్ధతి ఒకటి వచ్చింది. ఆస్ట్రేలియా నేషనల్ యూనివర్సిటీలో హోవార్డ్ బ్రాడ్‌బరీ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని రూపొందించాడు. ఆలోచన ఏంటంటే, ఎండిన పిండిలో రెండు సగాలూ ఇంకా ఉన్నాయి, వాటికి లేనిది నీళ్ళే. పొయ్యి అక్కర్లేదు, మందు అక్కర్లేదు. గిన్నెలో పిండి పోసి, అది ఎంతవరకు వచ్చిందో లోపలి అంచు మీద గీత పెట్టాలి. నీళ్ళు పోసి కలుపుతుంటే పిండి ముందు కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి వచ్చి గీతని తాకేదాకా పోయాలి. తర్వాత చాప మీద పల్చగా, ఒక సెంటీమీటరు మందం మించకుండా పరవాలి. ఎండలో అయితే రెండు గంటలు, నీడలో అయితే ఐదు గంటలు. సైనైడ్ గాలిలోకి పోతుంది, మూడు నుంచి ఆరు రెట్లు తగ్గుతుంది. కాంగోలో పొపొకబాకా అనే చోట కొంజో ఉన్న ఊళ్ళలో స్త్రీలకి దీన్ని నేర్పితే కొత్త కేసులు ఆగాయి. ఆ తడిపిన పిండితోనే అదే రోజు సాయంత్రం ముద్ద వండుకుంటారు.